గంజి పెట్టిన కోక

మగవాడి మర్యాదంతా చొక్కా కాలరులోనే ఉంటుందని నేను గట్టిగా నమ్మిన రోజులు కొన్ని ఉన్నాయి. కర్నూలులో కొత్తగా బడిపంతులు ఉద్యోగం, మేడ మీద ఒంటిగది, వంటా ఉతుకుడూ నావే. ఆదివారం వచ్చిందంటే అన్నం వార్చిన గంజి పట్టుకుని కూర్చునేవాణ్ని. చొక్కాలు, ప్యాంట్లు, తువ్వాళ్లు, చేతిగుడ్డలు, అన్నింటికీ గంజే. (ఒకసారి బనియన్లకు కూడా పెట్టాను. ఆ సోమవారమంతా పాఠం చెబుతూ వీపు గోడకేసి ఎలా రుద్దుకున్నానో ఆ పిల్లలకే తెలుసు.) నేను వరండాలో నడిచి వస్తుంటే మనిషి కంటే ముందు చొక్కా చప్పుడు వినిపించేది. తోటి పంతుళ్లు నాకు 'గంజిసారు' అని పేరు పెట్టారు. వెక్కిరింపని తెలియక దాన్ని బిరుదు లెక్కన మోసుకుని తిరిగాను.

పెళ్లయింది. అత్తగారి ఊరు బద్వేలు దగ్గర పల్లె. ఆ ఇంట్లో ఉతుకుడు శాఖకు మా ఆవిడ జేజి, అంటే మా మామ తల్లి, ఏకైక మంత్రి. నడుము వంగినా పదవి వదల్లేదు. ఆ ఊళ్లో బోరు నీళ్లు ఉప్పునీళ్లు. ఎంత సబ్బు రుద్దినా నురగ రాదు, పైగా తెల్లటి తెట్టు కట్టి బట్టకు అంటుకుంటుంది. అందుకని జేజి వానాకాలంలో మిద్దె మీది నీళ్లు తొట్టికి పట్టి పెట్టుకునేది. మంచి బట్టలన్నీ ఆ నీళ్లకే. ఎవరైనా విప్పిన చెమట చొక్కా సాయంత్రానికి జాడించకుండా ఉందంటే ఆ రాత్రి వాళ్లకు అన్నంతోపాటు నాలుగు మాటలు కూడా వడ్డించేది. ఆమె చేతుల మీద నడిచిన బట్ట ఊరికే చిరిగేది కాదు. మా మామ పెళ్లినాటి చొక్కా ఇంకా తొడుక్కుంటున్నాడంటే అందులో ఆయన పొదుపేమీ లేదు.

ఆ జేజికి ఒక నూలుకోక ఉంది. పుట్టిన బిడ్డకు కొత్తబట్ట తగలనివ్వరు కదా, బాగా బతికిన పెద్దవాళ్లు కట్టి కట్టి మెత్తబడిన పాతబట్టలోనే చుడతారు. వాళ్ల ఆయుష్షు బిడ్డకు వస్తుందని నమ్మకం. జేజి మనవళ్లూ మనవరాళ్లూ అందరూ ఆ కోకలోనే కళ్లు తెరిచారట. మా ఆవిడా అంతే. ఇప్పుడు మా ఆవిడ కాన్పు కోసం ఆ కోక ట్రంకుపెట్టెలో వేపాకు మధ్య ఎదురుచూస్తోంది. ఈ సంగతి ఆ ఇంట్లో బర్రెలకు కూడా తెలుసు. తెలియనిది నాకొక్కడికే. (మా ఇంట్లోనూ ఇదే పద్ధతి. కానీ మగపిల్లల్ని కూర్చోబెట్టి ఇవన్నీ ఎవరు చెబుతారు?)

ఎండాకాలం సెలవుల్లో నేనక్కడే ఉన్నాను. ఒక తెల్లవారుజామున మా ఆవిడకు నొప్పులొచ్చాయి. జీపు వచ్చింది, ఆడవాళ్లందరూ ఎక్కేసరికి అది నిండిపోయింది. మగవాళ్లం వెనక బస్సులో రావాలని తీర్మానం. కదిలే జీపులోంచి జేజి తల బయటపెట్టింది.

"నాయనా, పెట్టెలో నా పాతకోక ఉండాది. ఒగసారి నీళ్లలో జాడించి, ఆరినాంక తీసకరా!"

జాడించి అని మాత్రమే ఆమె చెప్పింది. కానీ అత్తగారింట్లో నా పనితనం చూపించే అవకాశం అంతవరకూ రాలేదు. జాడించడమేంటి, నేనెవరినని! బోరు నీళ్లు నిండా పట్టి, సబ్బుపొడి దోసిళ్లతో పోశాను. నురగ రాలేదని ఇంకా పోశాను. తర్వాత పెరట్లో కడపబండ మీద వేసి బాదడం మొదలుపెట్టాను. మామ పళ్లపుల్ల నోట్లో పెట్టుకుని కాసేపు చూశాడు.

"అల్లుడా, పాతగుడ్డ గదప్పా, అంత కొట్టాల్నా?"

"మురికి పోవాల కదా మామా."

అల్లుణ్ని అంతకంటే ఏమంటాడు? బర్రెలకు గడ్డి వేసే పని ఉన్నట్టు అటు వెళ్లిపోయాడు. నేను పొయ్యి ముట్టించి, బియ్యప్పిండి కాచి, చెంచా నిలబడేంత చిక్కటి గంజి చేశాను. ధగధగలాడాలని నీలిమందు కూడా కలిపాను. వైశాఖం ఎండ నా గంజికి బాగా తోడైంది. బయట పరిచి లోపలికి వచ్చి కాఫీ తాగేలోపే కోక అప్పడమైంది. బొగ్గుల ఇస్త్రీపెట్టెతో మడతలు తీర్చి, చంకలో పెట్టుకుంటే నలుగుతుందని బస్సులో ఒడిలో అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాను. పక్కాయన అది పటమనుకుని, "ఏ దేవుడప్పా?" అని అడిగాడు.

ఆసుపత్రికి వెళ్లేసరికి ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సంతోషంలోనే కోకను రెండు చేతులా జేజికి అందించాను.

జేజి విప్పబోయింది. మడతలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. గట్టిగా లాగితే పటపటమంది. మంచం మీద పెట్టిందామె. కోక పడుకోలేదు, కూర్చుంది. మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. అప్పుడే వచ్చిన నర్సమ్మ, "ఇదేంది పెద్దమ్మా, అట్టపెట్టెనా?" అంది.

"మా అల్లుడు ఉతికినాడమ్మా. శానా బాగా ఉతికినాడు," అంది జేజి. "దీంట్లో చుడితే బిడ్డ ఇప్పుడే లేసి నిలబడ్తాది."

మంచం మీదినుంచి నీరసంగా మా ఆవిడ గొంతు. "గంజి పెట్టినారా?"

"కొంచెం," అన్నాను.

ఎవరైనా తిట్టినా బాగుండేది. తిట్టలేదు. అల్లుడినాయె! జేజి మాత్రం ఆ బట్ట మీద బొటనవేలితో రాస్తూ కూర్చుంది. రాస్తూ రాస్తూ, "ఎన్నేండ్లు నా చేత్తో ఉతికితే వచ్చిన మెత్తన నాయనా ఇది," అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. తువ్వాలుతో ముఖం తుడుచుకోబోయాను. దానికీ గంజే.

నర్సమ్మ వేరే పాతబట్ట చూసుకోమంది. "నేనుండంగా ఇంగో గుడ్డేంది?" అని లేచింది జేజి. మామ టీ అంగడికి పరిగెత్తి రెండు బకెట్ల మంచినీళ్లు, గోరువెచ్చగా కాచి పట్టుకొచ్చాడు. ఆసుపత్రి మిద్దె మీద నీళ్లట్యాంకు నీడలో జేజి కూర్చుని చెప్పింది, నేను చేశాను.

"నాననీ. తొందరపడొద్దు. ఆ, ఇప్పుడు అరిచేతుల మధ్య పెట్టి అదుము. మెలేసి పిండితే పోగు తెగుతాది. ఉప్పునీళ్లలో సబ్బు ఎంత పోస్తే అంత చెడుపు నాయనా, సబ్బే మురికై కూర్చుంటాది. ఇంగోసారి జాడించు."

నీళ్లు మార్చి మార్చి జాడించాక కోకలో ప్రాణం వచ్చింది. అక్కడున్న తీగ మీద వేయబోతే జేజి అరిచింది. తీగకు తుప్పుందట, పాతబట్టకు ఎండ తగలకూడదట. చివరికి ఒక కొస నేను, ఒక కొస మామ పట్టుకుని నీడలో నిలబడ్డాం. ఎండ జరిగింది, మేమూ జరిగాం. కింద టీ అంగడి దగ్గర నిలబడి చూస్తున్నాయన ఆగలేక కేకేశాడు.

"ఎవురి మీదప్పా ధర్నా?"

"గంజి మీద," అన్నాడు మా మామ. పొద్దుటినుంచీ ఆయన మిగుల్చుకున్న కోపమంతా ఆ ఒక్క మాటలో తీర్చుకున్నాడు.

ఆరాక జేజి కోకను చెంపకు ఆనించుకుని చూసింది. ముఖం విప్పారింది. అంతలోనే ఆమె వేళ్లు ఒకచోట ఆగాయి. బండ మీద నా ప్రతాపానికి మధ్యలో జానెడు చీలిక. నేను ట్యాంకు వైపు చూశాను. జేజి ఆ చీలిక పట్టుకుని సర్రున నిలువునా చింపేసింది.

"పోనీలే, రెండయినాయి. ఒగటి ఈ బిడ్డకు. ఇంగొగటి వచ్చే బిడ్డకు. ఆ రెండోదాన్ని మాత్రం నువ్వు ముట్టుకోవద్దు నాయనా."

అత్తగారింట్లో నేను తిన్న మొదటి తిట్టు అదే. అంత మర్యాదగా ఎవరూ నన్ను మళ్లీ తిట్టలేదు. కోకలో చుట్టగానే నా కూతురు ఏడుపు ఆపి, పిడికిట్లో ఆ బట్ట కొస పట్టుకుని నిద్రపోయింది.

రెండో ముక్కలో మా అబ్బాయి పెరిగాడు. రెండు ముక్కలూ నలిగి నలిగి పోయాయి, జేజీ పోయింది. నేను గంజి ఆ రోజే మానేశాను. కాలర్లు వాలిపోయాయి, పేరు మాత్రం పోలేదు. ఇప్పటికీ ఇంట్లో మిషను ఉన్నా నా బట్టలు నేనే, జేజి చెప్పినట్టే ఉతుక్కుంటాను. పిల్లలు చొక్కా విప్పి మూలన పడేస్తే నా నోట్లోంచి వచ్చే మాటలు జేజివేనని మా ఆవిడ నవ్వుతుంది.

మొన్న మా అమ్మాయిని కాన్పుకు కర్నూలు తీసుకొచ్చాం. మా ఆవిడ బీరువా అంతా గుమ్మరించి ఒక్కో బట్టా చెంపకు రాసుకుని చూస్తోంది. ఏదీ నచ్చలేదు. ఆఖరికి దండెం మీదినుంచి, నేను ఇంట్లో రోజూ కట్టుకునే పాతపంచె లాగింది.

"ఓయ్, అది నాది!" అన్నాను.

"మీదేలే. అందుకే తీస్తాండా. ఇంట్లో మీకంటే పెద్దోళ్లు ఎవరుండారు?"

పాతబట్ట ఇచ్చే పెద్దమనిషి అంటే నా మనసులో ఇప్పటికీ నడుము వంగిన జేజే. ఆ వరసలోకి నేనెప్పుడు వచ్చి నిలబడ్డానో చూసుకోనే లేదు. పంచె తీసుకుని మిద్దె ఎక్కాను. మంచినీళ్లలో జాడించి, పిండకుండా అదిమి, నీడలో రెండు కొసలూ నేనే పట్టుకుని నిలబడ్డాను. రెండో కొస పట్టుకునే మామ లేని లోటు బాగా తెలిసింది.

"గంజి పెట్టలే కదా?" కిందినుంచి మా ఆవిడ కేక.

"లేదులే," అన్నాను. ఎవరూ చూడకుండా పంచెను ఒకసారి చెంపకు ఆనించుకున్నాను. వెన్నలా ఉంది. నడిచొస్తుంటే చప్పుడయ్యే ఆ గంజిసారు ఇది చూస్తే ఏమనుకునేవాడో పాపం.