మిగతాది కోసింది నేనే

నేను మైకు చాపగానే ఆమె కుడిచెయ్యి పైటకొంగుకి తుడుచుకుంది, ప్రసాదం అందుకోబోయేముందు తుడుచుకున్నట్టు. దివిసీమలో కౌలుకి వరి వేసే మనిషి. ఆ ఉదయమే అక్కడి నాయకుడొకాయన పరాయి స్త్రీతో ఉన్న వీడియో బయటికొచ్చింది. నేను టీవీ విలేకరిని. అవనిగడ్డ బస్టాండులో ఆమెని ఆపి, "వీడియో చూశారా పిన్నిగారూ?" అన్నాను.

"చూశానండీ, సిగ్గుచేటు. అయినా అది వాళ్లావిడ తేల్చుకుంటుంది. సముద్రం కట్ట బాగుచెయ్యకుండానే బిల్లులు తినేశాడు కదా, అదడగరేం?"

సాయంత్రం దాకా మా ఛానల్లో ఆమె "సిగ్గుచేటు" అంటూనే ఉంది. మిగతాది కోసింది నేనే.

ఆ ఏడు తుపానుకి కట్ట తెగింది. మోకాలిలోతు ఉప్పునీళ్లు నిలిచిన చేలో ఆమె కనిపిస్తే, గబగబా దిగి మైకు చాపాను. చెయ్యి కొంగు దాకా వెళ్లి ఆగింది. నన్ను గుర్తుపట్టింది.

"ఇది లైవేనా బాబూ?"

"కాదండీ, రికార్డింగే."

చెయ్యి దించేసింది. నీళ్లలో పడున్న వరి దుబ్బు పైకి లాగుతూ, నావైపు చూడకుండానే అంది:

"నా మాట ఒకటి మీ దగ్గరుందిగా. మళ్లీ అదే వేసుకోండి."