ఎండ తిన్న రాయి

బేతంచెర్ల నాపరాళ్ల వ్యాపారంలో సుందరం మాటకు తిరుగులేదు. బెంగుళూరు మేడల మెట్లకీ, హైదరాబాదు వంటగట్లకీ చేరిన బండలు ఎన్నో ముందు ఆయన కంటి కింద నుంచి వెళ్లినవే. లక్ష్మీనరసయ్య పాలిషు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టరు ఆగితే, బండల వరుస పక్కన ఒకసారి నడిచి వస్తాడు. అంతే. ఇది మొన్న చీల్చింది, అది రెండు ఎండాకాలాలు బయట పడున్నది అని చెప్పేస్తాడు. కొత్త రాయిది నీలిమబ్బు రంగు. ఎండా వానా తగిలేకొద్దీ బూడిదరంగుకు తిరిగి, చివరికి సున్నం కొట్టిన గోడలా తెల్లబడుతుంది. అలా ఎండ తిన్న బండను మిషను కింద పెడితే అంచులు రాలతాయి. మిగతావాళ్లు అంచు విరిచి లోపలి రంగు చూసుకుంటారు. సుందరం దృష్టిలో అది చేతకానివాళ్ల పని. ముప్పై ఏడేళ్లుగా ఆయన విరవలేదు.

శుక్రవారం ఓబుళేశు ట్రాక్టరు వచ్చింది. అతనిది చిన్న గని. తనూ, భార్యా, ఇద్దరు కూలీలూ. తెచ్చిన బండలన్నీ పాలిపోయి ఉన్నాయి.

"పాత సరుకు," అన్నాడు సుందరం నడక ఆపకుండానే.

"లేదన్నా, బుధవారం చీల్చినా. నా చేతులు సూడు, బొబ్బలింగా మానలే."

"రాయి సూసేవాణ్ణి గానీ, చేతులు సూసి జాతకం చెప్పేవాణ్ణా నేను?"

అక్కడున్నవాళ్లు నవ్వారు. లక్ష్మీనరసయ్య మాత్రం నవ్వలేదు. పాత బండలు అంటగట్టే గని నుంచి ఇకమీదట సరుకు తీసుకోనన్నాడు. ఆయన వద్దన్న రాయిని ఊళ్లో ఇంకెవరూ దించుకోరు. అంటే ఓబుళేశు గని మూతపడినట్టే. ట్రాక్టరు వచ్చిన దారినే వెనక్కి పోయింది.

ఆదివారం ఆరాధన ముగిశాక సుందరానికి చెల్లెలు జీవమ్మ ఇంట్లో భోజనం. ఆమె కూతురు దీవెన హైదరాబాదులో గ్రహశకలాల మీద పరిశోధన చేస్తోంది. గ్రహాలు కాలేక రాళ్లుగానే మిగిలిపోయి, సూర్యుడి చుట్టూ తిరుగుతున్నవి అవి. మామ సంగటి ముద్ద తుంచేలోపే ఆ పిల్ల ల్యాప్‌టాప్ తెచ్చి ఎదురుగా పెట్టింది.

"మామా, ముఖం సూసి రాయి వయసు చెప్తావు గదా. దీంది చెప్పు సూద్దాం."

తెర మీద వేరుశెనక్కాయ ఆకారంలో ఒక రాయి. అర కిలోమీటరు పొడవట. ఒళ్లంతా నలుపు, అక్కడక్కడ తెల్లటి మచ్చలు.

"దీనికేముండాది? నల్లది కొత్తది, తెల్లది పాతది."

"తప్పు."

జీవమ్మ చేతిలో గరిటె ఆగింది. రాయి విషయంలో అన్నను తప్పన్న మనిషిని ఆమె ఇంతవరకు చూడలేదు.

"కొండల్లో పుట్టి పెరిగినోన్ని. నాకు రాయి గురించి చెప్తాండావా?"

"రంగు పక్కన పెట్టు మామా. మచ్చలు యాడుండాయో సూడు."

సుందరం కళ్లద్దాలు సర్దుకుని వంగాడు. తెల్లటి మచ్చలన్నీ ఏటవాలు చోట్లే ఉన్నాయి. వాటి దిగువన రాళ్లు పోగుపడి ఉన్నాయి. గనుల్లో చరియ జారాక ఇటువంటి చోట్లు ఆయన ఎన్ని చూడలేదు!

"జారినాది," అన్నాడు మెల్లగా. "పైది జారిపోయి లోపలిది బయటపడింది. అంటే తెల్లదే కొత్తది. మరి ఈ నలుపు యాడిది?"

"ఎండదే. ఆడ గాలి లేదు, వాన లేదు. సూర్యుని నుంచి కంటికి కనపడని రేణువులు అడ్డమనేది లేకుండా వచ్చి తగుల్తాంటాయి. సన్నటి ధూళి తుపాకి గుండు కంటే వడిగా వచ్చి కొడతాంటాది. ఆ దెబ్బలకు రాతి పైభాగం రవ్వంత ఆవిరై, మళ్లీ దాని మీదనే పొరగా పేరుకుంటాది. ఆ పొరలో ఇనుప నలుసులుంటాయి. రాయిని నల్లగా, కొంచెం ఎర్రగా తిప్పేది అవే."

"ఎంత మందం?"

"వెంట్రుకను నిలువునా వెయ్యి పొరలు చీలిస్తే, అందులో ఒక పొర."

బతుకంతా పొరలు చీల్చే చోట గడిపిన మనిషి. ముంజేతి మీది తెల్లవెంట్రుక ఒకటి పీకి వెలుతురుకు పట్టుకుని చూశాడు. అందులో వెయ్యో వంతు. అది పేరుకోవడానికి వేల ఏళ్లో, లక్షల ఏళ్లో. అంత పలచటి పొర అర కిలోమీటరు కొండ రంగునే మార్చేసింది. ఇక్కడ తన బండలను తెల్లబరిచే ఎండే అక్కడ నల్లబరుస్తోంది. రెంటికీ మధ్య తేడా, తాను ఇప్పుడు పీలుస్తున్న ఈ గాలి. కిటికీలోంచి పడుతున్న ఎండను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"పోకుండానే ఎట్ల తెల్సింది మ్మే?"

"దూరం నుంచి రంగు సూసి శానా ఏండ్లు వాదులాడుకున్యారు మామా. భూమ్మీద పడిన ఉల్కల రంగుకూ, పైనున్న వీటి రంగుకూ పొంతన కుదర్లే. జపానోళ్లు నౌకను పంపి దీని ధూళి తెచ్చినాక, ఆ నలుసులను కోసి లోపల సూసినారు. అప్పుడు తెగింది తగువు."

సుందరం చెయ్యి కడుక్కున్నాడు. ముద్ద సగం కూడా కాలేదు.

"యాడికి పోతాండావున్నా?" అంది జీవమ్మ.

"పనుండాది."

ఓబుళేశు గని దగ్గర, వెనక్కొచ్చిన బండల మీదే కూర్చుని బీడీ తాగుతున్నాడు. లేవలేదు.

"ఇంగా ఏం మిగిల్నాదని వచ్చినావున్నా?"

"సుత్తి ఇయ్యి."

ఒక బండ అంచు విరిచాడు. లోపల కూడా అదే పాలిపోయిన రంగు. పైనొకటి, లోనొకటి లేదు. రెండోది విరిచాడు, మూడోదీ విరిచాడు. ఎండ కన్నెరగని రాయి, పుట్టుకతోనే ఆ రంగు.

"ఎంత లోతులో దొరికింది ఈ పొర?"

"నలభై అడుగులు. చెప్తే ఇంటివా?"

"ఇనలేదు. తప్పు నాది."

ఓబుళేశు బీడీ ఆర్పాడు. "నిన్న నా భార్య ఏడ్సింది. తెల్సా నీకు?"

సుందరం వంగి బండకు ఒక కొస పట్టుకున్నాడు. కాసేపటికి రెండో కొస ఓబుళేశు పట్టుకున్నాడు. పొద్దు వాలేలోపు ట్రాక్టరు నిండింది.

సోమవారం లక్ష్మీనరసయ్య గేటు దగ్గరే ట్రాక్టరుకు అడ్డం నిలబడ్డాడు.

"పాతదంటివి గదప్పా సుందరం?"

"ఔ, అంటి," అన్నాడు సుందరం, నలుగురికీ వినపడేలా. "తప్పు నాది. దించుకో."