నల్ల జీపు తలుపు మీద నా గీతలు

కొత్త రంగు వాసన ముక్కుకు తగిలితే చాలు, నర్సింగన్న మీద నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఆయన పోయి రెండేళ్లయింది. నాందేడ్‌లో నాకూ సొంత షెడ్డు ఉంది, దూరపు ఊళ్ల నుంచి కూడా జీపులు తెచ్చి నాతో రంగులు వేయించుకుంటారు. అయినా మంట చల్లారలేదు.

ముద్ఖేడ్ రోడ్డులోని ఆయన షెడ్డులోనే పని నేర్చుకున్నాను. పాత జీపులను కోసి, సాగదీసి, కప్పు దించి, ఇంకెవరికీ లేని బండ్లుగా మార్చేవాడు. లప్పం పూసి రుద్దాక కళ్లు మూసుకుని తలుపంతా అరచేత్తో తడిమేవాడు. నా కంటికి ఆనని గుంత ఆయన చేతికి దొరికేది. తీరిక దొరికితే ఫోనుతో సినిమాలు తీసేవాడు. వాటిలో కథ ఉండదు, మాట ఉండదు. ఆదివారం మధ్యాహ్నం షట్టర్ దించి, గోడకు కట్టిన దుప్పటి మీద ప్రొజెక్టర్‌తో వేస్తే, కాలేజీ కుర్రాళ్లు పదిమంది వచ్చి తెలుగూ మరాఠీ కలిపి తెగ పొగిడేవారు. నేను మూల కూర్చుని పళ్లు కొరికేవాణ్ణి.

ఒకసారి, రంగు వేయమని ఒక గిరాకీదారు ఇచ్చిన నల్ల జీపు తలుపులో రోడ్డు ఎలా కనబడుతుందో అదే సినిమాగా తీస్తానన్నాడు. ఆ తలుపును మూడు రోజులు రుద్ది అద్దంలా చేసింది నేను. పేరు మాత్రం ఆయనకు. తీసే రోజు ఆయన చాయ్‌కి వెళ్లగానే గరుకు కాగితంతో తలుపు నడుమ బరబరా గీకేశాను. సినిమా పాడు కావాలనే గీకాను.

ఆయన వచ్చి ఆ చోటును అరచేత్తో తడిమాడు. ఫోను సరిగ్గా అక్కడికే గురిపెట్టి తీయడం మొదలుపెట్టాడు.

ఆదివారం దుప్పటి మీద, రోడ్డున పోయే మనుషులు తలుపులో తేటగా నడిచి వచ్చారు, నా గీతల దగ్గర మసకబారి మాయమయ్యారు, కాసేపటికి అవతల తేలారు. ఎప్పుడూ గోల చేసే కుర్రాళ్లు దుప్పటి దగ్గరికి జరిగారు. ఆ మసక ఎలా తెచ్చారని ఒకడు అడిగాడు.

"గా మసక నాది కాదు. మా గంగారాం చెయ్యి," అన్నాడు నర్సింగన్న.

అందరూ నా వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. వాళ్లు వెళ్లాక, తెలిసీ ఎందుకలా చెప్పావన్నా అని అడిగాను.

"కోపంల గీకినవని నాకెర్కనే. కాని గట్ల గీకుడు నాతోని గాదు. సరే గని, రేపు గిరాకి అస్తడు. తలుపు సాఫ్ చెయ్యి."

ఇప్పుడు నేనూ కళ్లు మూసుకునే తడుముతాను, ఏ గుంతా నా చేతిని తప్పించుకోదు. గీతలు పడ్డ తలుపు వస్తే మాత్రం, రుద్దే ముందు దాని ఎదుట చాలాసేపు నిలబడతాను. ఆయన చూసింది నాకూ కనబడాలని. ఎంత చూసినా నాకు గీతలే కనబడతాయి.