బాన్సువాడలో ఒకే గొంతు, రెండు గల్లీలు

మా కామారెడ్డి వీధుల్లో కూరగాయలవాళ్లు నోటితో అరవడం మానేసి చాలాకాలమైంది. ట్రాలీ ఆటోకు కట్టిన మైకే వాళ్ల తరఫున అరుస్తుంది. నేను ఎవరి దగ్గరా సంగీతం నేర్చుకోలేదు. రేడియో వింటూ, తప్పులు చేస్తూ, సొంతంగా కాస్త హార్మోనియం పట్టుకున్నాను. అందుకేనేమో, సరుకు అమ్మే పిలుపుల్లోని రాగం వినడం నాకిష్టం. బాన్సువాడలో ఆకుకూరలమ్మే ఆడవాళ్లు ఇంకా గొంతెత్తే పిలుస్తారని తెలిసినాయన చెబితే, ఒక ఆదివారం ఆ పిలుపుల కోసమే బయలుదేరాను.

ఐదున్నరకు బస్సెక్కితే ఏడు దాటాక బాన్సువాడలో దిగాను. టికెట్టు వంద లోపే. రోజూ ఖర్చు రాసుకునే అలవాటుంది కాబట్టి చెబుతున్నాను, రానూపోనూ ఛార్జీలు, టీ, టిఫిను అన్నీ కలిపి మూడు వందలు దాటలేదు. బస్టాండు ఎదురుగా టీ తాగుతూ నేను వచ్చిన పని చెబితే హోటలాయన నవ్వాడు.

“పిలుపులు ఇనుటానికి గింత దూరం వచ్చినవా అన్నా? గీ బస్సుల హారన్లు సాలవా?” అని, దారి కూడా ఆయనే చెప్పాడు. “బీడీలు చుట్టే ఇండ్ల గల్లీలకు పో. జల్ది పోవాలె. ఎండొస్తే కూర వాడిపోతది, అమ్మేటోళ్లు ఇంటికి పోతరు.”

పది నిమిషాల నడక. అరుగుల మీద ఆడవాళ్లు కత్తెరలతో తునికాకు కత్తిరిస్తున్న చప్పుడు తప్ప గల్లీ నిశ్శబ్దంగా ఉంది. అంతలో వినిపించింది: “పాలకూరా... తోటకూరా... పుంటికూరా...” చివరి మాట దగ్గర గొంతు పైకి లేచి, సగంలో చిన్నగా విరిగి కిందికి జారింది. ఎంత బాగుందో! ఫోన్లో రికార్డు చేద్దామని పరుగులాంటి నడకతో మలుపు తిరిగాను. అక్కడ ట్రాలీ ఆటో, దాని మీద మైకు, లోపల ఫోను చూసుకుంటున్న డ్రైవరు. ఉసూరుమనిపించింది. వెనక గల్లీ నుంచి కూడా అదే పిలుపు, అదే విరుపు. ఇంకో ట్రాలీ అనుకుని తల కూడా తిప్పలేదు.

తిరిగి బస్టాండు వైపు నడుస్తుంటే మూలమీద ఒకామె గంపతో ఎదురొచ్చింది. ఆ పిలుపు ఆమె నోట్లోంచే వస్తోంది. అయినా నా కళ్లు గంప చుట్టూ వెతికాయి.

“ఏందన్నా, మైకు డబ్బా ఏడుందని సూస్తున్నవా?” అంది.

పేరు శాంతిబాయి. దగ్గరలోని లంబాడీ తండా. ట్రాలీ నడిపేది ఆమె మరిది. “పోయినేడు ఇద్దరం కలిసి అమ్మినం. గప్పుడు నా గొంతు ఫోన్ల పట్టిండు. ఇప్పుడు ఎవల దందా వాళ్లదైంది. గొంతు మాత్రం ఆయన బండిలనే ఉండిపాయె.”

“తీసెయ్యమని అడగలేదా?”

“అడిగిన. ‘నీ గొంతుకు కిరాయి కావాల్నా వదినా’ అంటడు. నేను పిలిస్తే డబ్బా అనుకొని ఎవలు లేస్తలేరు. ఎండ ముదిరితే గీ గంపంతా బర్రెకే.”

అవసరం లేకపోయినా రెండు మెంతికూర కట్టలు కొని ఆమె వెనకే నడిచాను. ఆమె పిలిచింది. అరుగు మీద బీడీలు చుడుతున్నావిడ తలెత్తకుండానే లోపలికి కేకేసింది, “ఉండనియ్ బిడ్డా, గా డబ్బా మల్లొస్తది.” అంతలో ట్రాలీ కూడా ఆ గల్లీలోకే తిరిగింది. ఒకే గొంతు, ఒకదాని వెనక ఒకటి. కళ్లు మూసుకుంటే ఏది మనిషో తెలుస్తుందనుకున్నాను. మరింత అయోమయమైంది.

శాంతిబాయి గంప దించింది. తండా భాషలో మరిది మీద తిట్లు అందుకుంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అతను గబుక్కున మైకు ఆపేశాడు. ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. బీడీలావిడ కత్తెరతోనే లేచి వచ్చింది.

“ఏమైందే శాంతీ, ఎవలతోని లొల్లి?”

“గా డబ్బాతోని, అక్కా.”

“అగో, నువ్వేనా! గింతసేపు మైకు అనుకున్న.”

“మైకుకు గింత కోపమొస్తదా?”

అందరూ నవ్వారు. చేతులు గంపలోకి వెళ్లాయి. “నా బేరం ఖరాబ్ చేస్తున్నవ్ వదినా!” అన్నాడు మరిది. “నా గొంతు నాకియ్యి, నీ బేరం నువ్వు చేస్కో,” అంది ఆమె, కట్టలు అందిస్తూనే. అతను బండి తిప్పుకుని పోయాడు.

సగం గంప మిగిలింది. పక్క గల్లీలోకి వెళ్లాం. అక్కడ మరిది లేడు, ట్రాలీ లేదు, అసలు మనిషే లేడు. ఆమె నిలబడి ఊపిరి పీల్చింది. కానీ పిలవలేదు. మళ్లీ తిట్టడం మొదలుపెట్టింది. అదే భాష, అదే ఉరుము. తలుపులు తెరుచుకున్నాయి. ఎండ గోడలు దిగేలోపు గంపలో తడి గోనెసంచి మాత్రమే మిగిలింది.

“ఇప్పుడు ఎవరిని తిట్టావమ్మా?” అని అడిగాను.

“ఎవల్నైతేంది అన్నా? రేపు గిది గూడ ఫోన్ల పట్టనియ్, సూద్దాం.”

తిరుగు బస్సులో ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోయాను. మొదటి గల్లీలోది కోపమేనని ఒట్టేసి చెప్పగలను. రెండోది కోపమో, పిలుపో, కొత్త పాటో నాకు తెలియదు. మనిషికీ యంత్రానికీ తేడా నా చెవికి తెలుసని ఇన్నాళ్లూ అనుకున్నాను. పిలుపులు వినడానికి వెళ్లినవాణ్ని, పిలిచిన మనిషికే తల తిప్పలేదు. ఎవరైనా అటు వెళ్తే ఎనిమిది లోపే గల్లీల్లో ఉండండి, చేతిసంచి తీసుకెళ్లండి, ఫోను మాత్రం జేబులోంచి తీయకండి.