అత్తమ్మ ఒప్పుకున్న రోజు

మా అత్తమ్మా నేనూ నిజంగా మాట్లాడుకోవడం మొదలైంది నా పెళ్లయిన తొమ్మిదేళ్లకు. అంతకుముందు ఉప్పయిపోయిందనో, నీళ్లొచ్చాయనో, కూర అడుగంటుతోందనో చెప్పుకునేవాళ్లం. సూరత్ శివారు భేస్తాన్‌లో మేముండే గదుల కింద మరమగ్గాల కార్ఖానా ఉంది. ఆ హోరులో అవసరమైన మాటకే గొంతు చాలేది కాదు. మా ఆయన అక్కడే పన్నెండు గంటల పని చేసేవాడు. అత్తమ్మ కూడా వయసులో ఉన్నప్పుడు ఏళ్ల తరబడి కండెలు చుట్టింది. దాంతో ఆమెకు ఒక చెవి మందగించింది.

లాక్‌డౌన్‌తో మగ్గాలు ఆగిపోయాయి. మొదటి రోజు నాకు నా గాజుల చప్పుడు వినిపించి ఆశ్చర్యపోయాను. అత్తమ్మ మాత్రం పాత అలవాటు కొద్దీ గట్టిగానే మాట్లాడేది. అందుకే ఆమె నమ్మకాలేమిటో నాకే కాదు, మా వాడలో అందరికీ తెలిశాయి.

పొద్దున్నే ఆమె చెంబు నీళ్లలో పసుపు, వేపాకు వేసి గడప ముందు ధారగా ఆరబోసేది. వచ్చింది అమ్మవారని ఆమె నమ్మకం. పోచమ్మకు కోపమొచ్చింది, చల్లబరిస్తే వెళ్లిపోతుంది. నేను సూరత్‌లోనే తెలుగు బడిలో పదో తరగతి దాకా చదివాను. నాలుగు రోజులు ఊరుకుని, ఐదో రోజు ఉండబట్టలేక అనేశాను.

“అత్తమ్మా, అది అమ్మవారు గాదు. కండ్లకు కనవడని పురుగు. సబ్బుతోని సస్తది.”

ఆమె చెంబు కింద పెట్టి నా వంక తిరిగింది. కోప్పడుతుందనుకున్నాను. ఆమె ముఖంలో కోపం లేదు. ఎవరో చాలా కాలానికి ఇంటికొస్తే చూసినట్టు చూసింది.

“కండ్లకు కనవడదంటివి. ఎవల్ని ముట్టుకోవద్దంటివి. బయటికెల్లి వస్తే కాళ్లు చేతులు కడుక్కోవాలె, సుట్టాలను పిలవద్దు, రోగమొచ్చినోళ్లను ఏరే అర్రల పండవెట్టాలె. గంతే గద?”

“గంతే.”

“అమ్మవారొస్తే మా అమ్మ గూడ గవే జెప్పె. నువ్వు కొత్తగ జెప్పింది పేరొక్కటే.”

రెండు రోజులు రొట్టెలు చేస్తూ అదే ఆలోచించాను. మూడో రోజు జవాబు దొరికింది. అమ్మవారైతే మొక్కనివాళ్లకు రావాలి కదా, మొక్కినవాళ్లకు ఎందుకొస్తోంది? పరుగున వెళ్లి చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ విని, “జర ఆగు, సోంచాయించనీ” అంది. మధ్యాహ్నానికల్లా జవాబు తయారు చేసుకుంది. తల్లి కొట్టేటప్పుడు మంచి పిల్ల, చెడ్డ పిల్ల అని చూడదట. సబ్బుతో కడుక్కున్నవాళ్లకూ రోగం వస్తోంది కదా, అప్పుడు నీ సబ్బును తప్పుపట్టావా అని ఎదురు అడిగింది.

అలా నెలలు గడిచాయి. మగ్గాలు మళ్లీ నడిచినా మా వాదన ఆగలేదు. హోరుకు సరిపడా గొంతు పెంచుకున్నాం. మా ఆయన విసుక్కునేవాడు.

“నువ్వు మారవు, మా అమ్మ మారదు. ఎందుకే ఈ లొల్లి?”

నాకూ అర్థం కాలేదు. గెలవాలనే వాదిస్తున్నానని అప్పట్లో అనుకునేదాన్ని. అయితే ఒకటి గమనించాను. ఆమె మధ్యాహ్నం నిద్ర మానేసింది. నేను పని త్వరగా తెముల్చుకుని ఆమె పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను. ఆమె ఏమనుకుంటోందని ఆ ఇంట్లో ఎవరూ అడిగి ఉండరు. నన్నూ ఎవరూ అడగలేదు.

మరుసటి ఎండాకాలం టీకాలొచ్చాయి. పెద్దవాళ్లకు ముందు వేస్తున్నారని తీసుకెళ్లబోతే అత్తమ్మ రానంది. అమ్మవారిని సూదితో పొడవడమేమిటంది. నెల రోజులు బతిమాలాను, భయపెట్టాను, అరిచాను. లాభం లేకపోయింది. ఆ గొడవ నడుస్తుండగానే రోగం నాకొచ్చింది.

మొదట జ్వరం, తర్వాత వాసన పోయింది. దవాఖానల్లో మంచాలు లేవని, ఇంట్లోనే వేరుగా ఉండమని వాడలోని డాక్టరు చెప్పాడు. లోపలి గదిలో పడుకున్నాను. అత్తమ్మ తలుపు బయట పీట వేసుకుని కూర్చుంది. గడపకు వేపమండలు కట్టింది. డాక్టరు రాసిన గోలీలను కూడా ఒక్క పూట తప్పకుండా తలుపు సందులోంచి తోసేది.

ఊరికే కూర్చునేది కాదు. “ఓ పిల్లా, సబ్బు ఎందుకే, బూడిదతోని కడుక్కుంటె సాలదా?” అనేది. అంత తెలివితక్కువ మాట ఆమె అంతకుముందు ఎన్నడూ అనలేదు. నేను ఉండబట్టలేక లోపలి నుంచి జవాబు చెప్పేదాన్ని. ఇంకో గంటకు మరో పిచ్చి మాట అనేది, నేను మళ్లీ చెప్పేదాన్ని. నన్ను రెచ్చగొట్టి ఏం సంతోషమని చిరాకేసేది.

ఆరో రోజు మధ్యాహ్నం నేను ఏదో జవాబు చెబుతుంటే ఆమె మధ్యలో ఆపింది. కొడుకును పిలిచి అంటున్న మాటలు తలుపు ఇవతలికి వినిపించాయి.

“నిన్న గింత పొడుగు మాట ఒక్క ఊపిరిల జెప్పింది. ఇయ్యాల మూడుసార్లు ఆగింది. మంచిగ లేదురా. దవాఖానకు తోల్కపో.”

మా ఆయన పక్కింటి నుంచి వేలికి పెట్టే మిషన్ తెచ్చాడు. అందులో అంకె చూసి ఆటో కోసం కిందికి పరుగెత్తాడు. ఇన్ని రోజులూ ఆమె నా మాటలు వినలేదు, నా ఊపిరి వింటోందని అప్పుడు తెలిసింది. బాగా వినిపించే చెవిని తలుపుకు ఆనించి కూర్చునేదని మా ఆయన తర్వాత చెప్పాడు.

నేను గోడ పట్టుకుని మెట్లు దిగుతున్నాను. అత్తమ్మ మూతికి కొంగు చుట్టుకుని పై మెట్టు మీద నిలబడింది. అక్కడి నుంచే అంది.

“బిడ్డా, నువ్వు జెప్పిందే నిజం. అది పురుగే. అమ్మవారు గాదు.”

ఏడాదిగా నేను వినాలనుకున్న మాట అదే. కానీ ఆమె ఒప్పుకుందంటే నేనిక తిరిగి రాననుకుంటోందన్న మాట. ఆటోలో మా ఆయన ఏవేవో ధైర్యం చెబుతున్నాడు. నా చెవికి ఒక్కటీ ఎక్కలేదు. ఆ మాట ఎలాగైనా ఆమె వెనక్కి తీసుకుంటే బాగుండుననిపించింది.

రెండు పెద్ద దవాఖానల్లో లేదన్నాక మూడో చోట మంచం దొరికింది. తొమ్మిది రోజులు ఆక్సిజన్ పెట్టుకుని పడుకున్నాను. అత్తమ్మ రోజూ మధ్యాహ్నం ఫోన్ చేయించేది. నేను ఊఁ అంటే చాలు, పెట్టేసేది. ఏడో రోజు నోట్లోంచి కాస్త మాట వచ్చింది.

“అత్తమ్మా, పురుగే అని ఒప్పుకున్నవ్ గద. మరి గడప ముంగట నీళ్లు ఆరబోసుడు బంద్ జేసినవా?”

“నేనెన్నడు ఒప్పుకున్న?” అంది గట్టిగా. “జెరంల నీకేదో ఇనవడ్డది.”

నవ్వొచ్చింది, నవ్వుకు దగ్గొచ్చింది. నర్సు వచ్చి ఫోన్ లాక్కుంది. ఆ రోజు నేను కడుపునిండా అన్నం తిన్నాను.

వానాకాలంలో, రోగం తగ్గాక టీకాకు ఆగమని డాక్టరు చెప్పిన గడువు పూర్తయింది. బయల్దేరుతుంటే అత్తమ్మ కూడా కొత్త చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఎక్కడికని అడిగాను.

“సూదేసుకునేందుకు.”

“ఏందత్తమ్మా, నమ్మకం కుదిరిందా?”

“ఏం నమ్మకం? నువ్వు దవాఖాన్ల ఉన్నప్పుడు మొక్కుకున్న. నా కోడల్ని ఇంటికి తోలు తల్లీ, అది జెప్పిన సూది నేనేసుకుంట అని. మొక్కు తీర్వకపోతె ఊకుంటదా పోచమ్మ?”

అమ్మవారికి మొక్కుకుని టీకా వేసుకున్న మనిషితో ఇంకేం వాదించాలో తోచలేదు. మునిసిపాలిటీ బడిలో ఇద్దరం వేయించుకున్నాం. అరగంట కూర్చుని వెళ్లమని వరండాలో కుర్చీలు చూపించారు. బయట వాన పడుతోంది. అత్తమ్మ దూదిని జబ్బ మీద ఒత్తిపట్టుకుని ఆ వాన చూస్తోంది. ఉన్నట్టుండి మొదలుపెట్టింది.

“నీ మొగనికంటె ముంగట నాకొక ఆడపిల్ల. నీకు తెల్వదు, వానికీ తెల్వదు.”

మగ్గాల పనికి సూరత్ రాకముందు, ఊళ్లో సంగతి అది. పిల్లకు రెండేళ్లు. ఒళ్లంతా తట్టు పోసింది. ఇంటికి వేపమండలు కట్టారు, నీళ్లు ఆరబోశారు. అమ్మవారు చూడటానికొచ్చింది, పోతుందన్నారు. ఐదో రోజు పిల్ల పోయింది.

“అమ్మవారైతే ఆమె పిల్ల, ఆమె తీస్కపోయింది. ఏడ్సి ఊకున్న. నువ్వొచ్చి పురుగంటివి. పురుగైతే దవాఖాన్ల మందుంటది గద. అంటే నేనే తీస్కపోలేదు. నేనే సంపుకున్న.”

ఏడాదిన్నరగా నేను సరదాగా, పంతంగా, ఒక్కోసారి గర్వంగా వాదించింది ఈ మనిషితో. ప్రతి మాటకూ ఆమె ఏం మనసులో పెట్టుకుని జవాబు చెప్పిందో అప్పటిదాకా నాకు తెలియదు. వాదనలో ఎదుటివాళ్ల మనసు మారదని అందరూ తేలిగ్గా అంటాం. అది మారితే వాళ్ల మీద ఏం కూలుతుందో మనకెలా తెలుస్తుంది? ఆమె మాత్రం ఆ సంగతి తెలిసీ రోజూ నా పక్కన కూర్చుని వాదించింది. నేను చెప్పేది నిజమో కాదో తేల్చుకోవాల్సిన అవసరం నాకన్నా ఆమెకే ఎక్కువ.

“ఏమంటవ్?” అని అడిగింది. ఓదార్పు అడగలేదు. జవాబు అడిగింది.

“అప్పుడు మీ ఊర్ల దవాఖాన ఉండెనా అత్తమ్మా?”

“యాడిది? ఎడ్ల బండి మీద పోతె ఒక దినం.”

“మరి నువ్వెట్ల సంపుకున్నట్టు? పురుగే అనుకో. ఆ పురుగుకు ఇప్పటికీ మందు లేదు. ముందుగాల సూదేస్తేనే రాకుంట ఉంటది. ఆ సూది మీ ఊరికి రాలేదు. తప్పు ఎవలిది?”

అరగంట అయిందని నర్సు చెప్పడంతో లేచాం. షేర్ ఆటోలో నా పక్కన ఒదిగి కూర్చుని, దారి సగమయ్యాక అంది.

“పొద్దుగాల్నే బండి కడితె మాపటికి చేరుతుంటిమేమో.”

“చేరకపోతుంటిరి. వానలుండె అంటివి గద?”

“నేను జెప్పలేదు. ఎండాకాలం అది.”

“ఎండాకాలమైతే పిల్ల బండిల తట్టుకోకపోతుండె.”

“మీద బట్ట కప్పుతుంటిమి.”

“ఒక దినం ఎట్ల తట్టుకుంటది అత్తమ్మా, గంత జెరంల?”

ఇల్లు చేరేదాకా ఆమె వదల్లేదు, నేనూ వదల్లేదు. అప్పటిదాకా మేం పెట్టుకున్న వాదనలన్నింట్లో అదొక్కటి మాత్రం ఓడిపోకూడదనిపించింది.