చెప్పుల షాపులో పదకొండేళ్ళు

మా వదిన పదకొండేళ్ళు చెప్పుల షాపులో పనిచేసింది. అంటే పదకొండేళ్ళపాటు ముక్కూ మొహం తెలియని మనుషుల ముందు నేలమీద మోకాలు ఆనించి, వాళ్ళ పాదాలు చేతుల్లోకి తీసుకుని, బూట్లు తొడిగింది. అక్కడ సేల్స్‌వాళ్ళకు స్టూలు ఉండేది కాదు. బేరం లేనప్పుడు కూడా నిలబడే ఉండాలి. ఏ బుద్ధి పుట్టిందో, ముప్పై దాటాక అది మానేసి నర్సింగులో చేరింది. క్లాసులో పిల్లలంతా ఆంటీ అనేవారట. ఆ పిలుపు భరిస్తూనే పాసైంది.

ఇక ఉద్యోగం వెతకాలి. చేస్తే వార్డులోనే చేయాలన్నది ఆవిడ పట్టుదల. మా ఇంట్లో ఎవరి రెజ్యూమె అయినా నేనే టైపు చేస్తాను. నా దాంట్లో రాయడానికి ఏమీ లేదు కాబట్టి నాకు తీరిక ఎక్కువ.

"చెప్పుల షాపు రాయనా వదినా?" అన్నాను.

మంచం మీద పడుకున్న అన్నయ్య దిగ్గున లేచాడు. "ఎందుకురా? నా పెళ్ళాం ఊరందరి కాళ్ళూ పట్టుకుందని చాటింపు వేయాలా? తీసెయ్."

"ఆ కాళ్ళు పట్టుకునే నీ బండి కొన్నాం" అంది వదిన. అంతకన్నా గొడవపడే ఓపిక లేక, "సరే, తీసెయ్ బాబూ" అంది.

తీసేశాను. మొదటి ఆసుపత్రిలో ఆ కాగితం చూసి, కోర్సుకు ముందు ఇన్నేళ్ళూ ఏం చేశారని అడిగారట. ఇంట్లోనే ఉన్నానంది. ఇంటిపట్టున ఉండి అలవాటైనవాళ్ళు డ్యూటీలకు తట్టుకోలేరని చెప్పి పంపేశారు. రెండు బస్సులు మారి వచ్చి, చెప్పులైనా విప్పకుండా గోడకు చేరగిలబడింది.

"ఎక్కించు" అంది నాతో. "ఉన్నది ఉన్నట్టు ఎక్కించు."

అక్కడ పనిచేసినట్టు కాగితం కావాలని షాపు ఓనరు దగ్గరకు వెళ్ళాం. "నీ అనుభవం వాళ్ళకెందుకమ్మా? ఆసుపత్రిలో చెప్పులు గుమ్మం దగ్గరే విప్పించేస్తారుగా!" అని తన జోకుకు తానే నవ్వి సంతకం పెట్టాడు. వదిన కూడా ఓనర్ల జోకులకు నవ్వాల్సినంత నవ్వింది.

రెండోది పెద్ద ఆసుపత్రి. అద్దాల గోడలు, ఎముకలు కొరికే ఏసీ. నేను తోడు వెళ్ళి గది బయట కూర్చున్నాను. తలుపు సగం తెరిచే ఉంది.

"సేల్స్‌లో పదకొండేళ్ళా!" అన్నాడు లోపల టై కట్టుకున్నాయన. "కూర్చోండమ్మా, కూర్చోండి. వార్డులో ఆ చాకిరీ మీకెందుకు? కింద హెల్త్ చెకప్ ప్యాకేజీల కౌంటరుంది. తెల్లకోటు ఇస్తాం. నర్సు చెబితే జనం కాదనరు. జీతం వార్డుకన్నా ఎక్కువ. కూర్చుని చేసే పని."

"అవసరం లేనివాళ్ళకు కూడా చెప్పాలాండీ?"

"ఏది అవసరమో వాళ్ళకేం తెలుసమ్మా?"

కూర్చుని చేసే పని అన్న మాట దగ్గర మనసు లాగిందని వదిన తర్వాత నాతో చెప్పింది.

"అమ్మడం నాకు బాగా వచ్చండీ" అంది చివరికి. "వేలు నొక్కుకుంటోందని కస్టమర్ మొత్తుకున్నా, నాలుగు రోజులు వాడితే సాగుతుందని చెప్పి అంటగట్టేదాన్ని. అందుకే మానేశాను."

ఆయన కాగితం మడిచి తిరిగిచ్చేశాడు.

ఇంట్లో అన్నయ్య ఇంతెత్తున లేచాడు. "కూర్చోబెట్టి జీతమిస్తామంటే కాలదన్నుకుని వస్తావా? నీకేమైనా పిచ్చా?"

"ఆ లైను తీసెయ్యనా వదినా?" అన్నాను.

"ఉండనీ. మళ్ళీ మళ్ళీ మార్చడానికి నాకు ఓపిక లేదు."

మూడోది సందు చివర చిన్న నర్సింగ్ హోమ్. ఇరుకు మెట్లు, ఫినాయిల్ వాసన. హెడ్ నర్సు కాగితం మీద ఆ లైను దగ్గర వేలుపెట్టి, తల ఎత్తి చూసింది.

"చెప్పుల షాపా? ఇక్కడా పొద్దస్తమానం వంగి లేవడమే. లేవగలవా?"

"మోకాళ్ళు కిర్రుమంటాయి సిస్టర్. కానీ లేస్తాను."

"నావీ అంతేలే. రేపు పొద్దున్నే వచ్చి వార్డులో చేరు. జీతం మాత్రం నన్నడక్కు, చెప్పడానికి నాకే సిగ్గు."

చేరింది. కొన్నాళ్ళు పోయాక ఓ సాయంత్రం, గుమ్మంలో కూర్చుని వేడినీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుంది. చెప్పుల షాపు రోజుల్లోనూ ఇదే బకెట్. నాకు ఒళ్ళు మండింది.

"ఏం మారింది వదినా? అదే వాపు. జీతం అప్పటికన్నా తక్కువ."

"ఇవాళ ఒక ముసలాయనకు కాలికి కట్టు మార్చాను" అంది, కళ్ళు మూసుకునే. "నొప్పి తల్లీ అన్నాడు. అవును తాతా, నొప్పే, తెలుస్తోంది అన్నాను."

"అయితే?"

"అంతే. సాగుతుందని చెప్పక్కర్లేకపోయింది." కాలివేళ్ళు నీళ్ళలో కదిలించింది. "చల్లారిపోయాయి బాబూ, ఇంకో చెంబు వేడినీళ్ళు పొయ్."

పొయ్యి మీద గిన్నె అన్నయ్య అప్పటికే దించుతున్నాడు. అతను చెంబుతో వచ్చేసరికి వదిన తలుపుకు తల ఆనించి నిద్రపోయింది.