మందునీళ్ళు

ఊరికే వస్తుందంటే ఫినాయిలైనా తాగుతారని జనం గురించి జనమే చెప్పుకునే మాట ఒకటుంది. మొక్కలాయన ఆ మాటను పొద్దస్తమానం అనుకునేవాడు, అదీ మనసులోనే. పైకి అంటే బేరం పోతుందని భయం. బేరం ఎక్కడుందని మాత్రం ఆయన్ని అడక్కూడదు.

ఆయన నర్సరీ బస్సులు ఆగే చోటికి సరిగ్గా ఎదురుగా ఉండేది. బస్సు ఆలస్యమైన ప్రతివాడికీ అదొక పార్కు. లోపలికొచ్చి నీడన నిలబడేవాళ్ళు, పువ్వుల పక్కన ఫొటోలు దిగేవాళ్ళు, "మా నిమ్మచెట్టుకి ఆకులు ముడుచుకుపోతున్నాయండీ, ఏం చెయ్యాలి?" అని అడిగేవాళ్ళు. ఆయన ఓపిగ్గా చెప్పేవాడు. అంతా విని, చేతికందిన రెమ్మ ఒకటి తుంచుకుని, బస్సొచ్చిందని పరిగెత్తేవాళ్ళు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ. నిజంగా కొందామని వచ్చినవాళ్ళు కూడా కుండీ ధర విని, "మట్టేగా" అని నవ్వేవాళ్ళు. ఆ మట్టిని ఆయన జల్లెడ పట్టి, ఎండబెట్టి, ఇసుకా మాగిన పేడా కలిపి సిద్ధం చేస్తాడని వాళ్ళకు తెలియదు, తెలిసినా ధర తగ్గించమనే అనేవాళ్ళు.

ఆయన భార్య బతికున్నప్పుడు కూడా జనం ఇంతే. ఆవిడే వేరు. ఎవరడిగినా కత్తెర తీసుకుని, కణుపు కింద ఏటవాలుగా కోసి, తడిగుడ్డలో చుట్టి మరీ కొమ్మను చేతికిచ్చేది.

"ఇట్లా పంచిపెడుతూ కూర్చుంటే మనం అమ్ముకునేది ఏంటి?" అని ఆయన గొణిగేవాడు.

"కొమ్మ తీసుకున్నవాళ్ళు రేపు కుండీ కోసం వస్తారులే."

"రారు."

"రాకపోతే పోనీ. కొమ్మ కోస్తే చెట్టు గుబురవుతుంది గానీ చస్తుందా?"

ఎవరూ రాలేదు. ఆ వాదనలో గెలుపు ఆయనదే. కాకపోతే ఆవిడ ఇచ్చిన కొమ్మ ఎక్కడ గుచ్చినా బతికేది. ఆవిడ చేతి చలవ అని చుట్టుపక్కల వీధులన్నీ చెప్పుకునేవి. ఆ పేరు మీదే ఏవో నాలుగు మొక్కలు అమ్ముడుపోయేవని ఆయనకు ఆలస్యంగా తెలిసింది.

గులాబీకి కాయ కాస్తుందని, అందులో గింజలుంటాయని చాలామందికి తెలియదు. పువ్వు వాడగానే తుంచేస్తాం, కాయదాకా రానివ్వం. ఆవిడ మాత్రం కాయల్ని పండనిచ్చి, గింజలు తీసి, ట్రేల్లో చల్లేది. గింజ నుంచి మొలిచిన గులాబీ తల్లిలా ఉండదు. ఏ రంగు పూస్తుందో పూసేదాకా ఎవరూ చెప్పలేరు, చాలావరకు పనికిరానివే వస్తాయి. ఏళ్ళ తరబడి చల్లగా చల్లగా చివరికి ఆవిడకు నచ్చిన మొక్క ఒకటి నిలిచింది. దాని మొదటి మొగ్గ విచ్చేనాటికి ఆవిడ మంచం దిగే స్థితిలో లేదు. ఆయన కుండీని ఎత్తుకెళ్ళి గది కిటికీలో పెట్టాడు. పొద్దున లేత పసుపు, సాయంత్రానికి తెలుపు, రేకుల అంచున పిసరంత ఎరుపు. వాసన నిమ్మతొక్క గిల్లినట్టు ఉంది. ఆవిడ రోజంతా దాన్నే చూస్తూ పడుకుంది.

"దీన్ని ఎవరడిగినా లేదనకు," అంది.

ఆయన తలూపాడు. పోతున్న మనిషితో వాదన ఎవరు పెట్టుకుంటారు?

ఆవిడ పోయాక ఆ మొక్కను షెడ్డు గుమ్మం పక్కన నేలలో నాటాడు. అది నడుమెత్తు పెరిగింది. దాని కొమ్మలకు వేళ్ళు పట్టించి కొన్ని పిల్లమొక్కల్ని తయారుచేసి, కుండీల్లో వరసగా పెట్టి, ధర చీటీలు తగిలించాడు. ఒంటరివాడయ్యాక ఆయన మనసుపెట్టి చేసిన పని అదొక్కటే. ప్రపంచంలో ఇంకెక్కడా లేని పువ్వు. దీనికైనా ఎవరో ఒకరు జేబులో చెయ్యి పెట్టకపోతారా అని ఆయన ఆశ. డబ్బు కోసం కాదు. భార్య అన్నేళ్ళు నడుం వంచి చేసిన పనికి ఒక్క మనిషైనా విలువ కడితే చూడాలని.

మొదట వచ్చింది ఎదురు మేడ మీది ఆవిడ. కళ్ళు మూసుకుని పువ్వును వాసన చూసింది. కళ్ళు తెరిచి ధర చీటీ చూసింది.

"గులాబీకి ఇంతా? అక్కయ్యగారుంటే ఊరికే ఇచ్చేవారు. ఒక్క కొమ్మ ఇప్పించండి అన్నయ్యగారూ, చాలు."

లేదనడానికి ఇచ్చిన మాట అడ్డం. ఇవ్వడానికి మనసు అడ్డం. ఆయన కత్తెర తీసుకున్నాడు. షెడ్డులో స్టవ్వు మీద టీ కోసం పెట్టిన నీళ్ళు మరుగుతున్నాయి. ఎలా తోచిందో గానీ, కొమ్మ కోసి లోపలికి తీసుకెళ్ళాడు. మరిగే నీళ్ళు మగ్గులో పోసి, రంగు కోసం చిటికెడు మైలుతుత్తం కలిపి, కొమ్మను సగందాకా ముంచి ఉంచాడు. నీళ్ళు నీలంగా పొగలు కక్కాయి.

"ఏంటండీ అది?"

"మందునీళ్ళు. వేరు తొందరగా పడుతుంది."

ఆవిడ సంబరపడిపోయింది. కొమ్మ పైకి పచ్చగానే ఉంది. లోపల ఉడికిపోయిన సంగతి కొన్నాళ్ళు పోతే గానీ బయటపడదు.

అలా అడిగినవాళ్ళకు లేదనకుండా ఇస్తూ, భార్యకిచ్చిన మాట అక్షరాలా నిలబెట్టుకున్నాడు. ఇలాంటి నిలబెట్టుకోవడాలు కోర్టుల్లో చెల్లుతాయి, ఇంట్లో చెల్లవు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అయినా కొమ్మ నీళ్ళలో మునిగినప్పుడల్లా ఆయన కడుపులో మంట కాస్త చల్లారేది.

పువ్వు పేరు పాకింది. వరసగా వచ్చారు. కుండీల వైపు ఒక్కరూ చూడలేదు. పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడినట్టు, ఒకాయన కొమ్మ పొట్టిగా ఉందని నస పెట్టి ఇంకోటి కోయించుకున్నాడు. రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన మందునీళ్ళ కిటుకు కనిపెట్టానని చెప్పి, ఇంట్లో ఉన్న మందారాల కొమ్మలన్నీ కోసి వేడినీళ్ళలో ముంచి నాటి, అన్నీ మాడిపోయాక పాళ్ళు ఎక్కడ తప్పానో చెప్పమని వచ్చాడు. ఆ సలహా కూడా ఊరికేనే. ఆ రోజు మొక్కలాయన చాలాకాలం తర్వాత నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. మాస్టారు వెళ్తూ వెళ్తూ, "మీరిచ్చిన గులాబీ కొమ్మ కూడా మాడిపోయింది. ఆవిడ చేతి చలవ మీకు రాలేదండీ, పాపం," అనేసి పోయాడు.

ఆ మాట అందరి నోటా పడింది. ఆయన ఇచ్చింది బతకదట. ఊరికే ఇచ్చినదే బతకనప్పుడు డబ్బిచ్చి కొన్నది మాత్రం బతుకుతుందా అని, అప్పుడప్పుడూ కొనే నలుగురు కూడా ఇంకో నర్సరీకి వెళ్ళారు. కొమ్మలు అడిగేవాళ్ళు మాత్రం తగ్గలేదు.

అలాంటి రోజుల్లోనే ఒకనాడు మరదలు వచ్చింది. భార్యకు ఒక్కగానొక్క చెల్లెలు, పక్క ఊళ్ళో మిషను కుట్టుకుని బతుకుతుంది. వచ్చేసరికి గులాబీ దగ్గర ముగ్గురు నలుగురు నిలబడి ఉన్నారు. ఆమె కూడా వాళ్ళ వెనకే నిలబడింది.

"అక్క పువ్వు కదా బావా. ఒక్క కొమ్మ ఇస్తే గోడ మీద కుండీలో పెట్టుకుంటాను."

అక్క పువ్వయితే ఆ వరసలో ఉన్న కుండీ కొనొచ్చుగా అని ఆయనకు చురుక్కుమంది. ఈమె కొమ్మను ముంచకుండా ఇస్తే మిగతావాళ్ళు మాకెందుకు ముంచావని అడుగుతారు. ఆయన చెయ్యి అలవాటుగా మగ్గు వైపు వెళ్ళింది. వెళ్తోందని తెలుస్తూనే ఉంది. సాయంత్రం దాకా ఉండమని, అందరూ పోయాక ఒక పిల్లమొక్కే ఆమె చేతిలో పెట్టి పంపి ఉండొచ్చు. అప్పుడు తోచలేదు. ఆమె ఆ కొమ్మను పైటచెంగులో చుట్టుకుని, ఎండ తగలకుండా చేయి అడ్డం పెట్టుకుని బస్సెక్కింది.

ఇక అసలు సంగతి. ఊరి చివర కోళ్ళఫారం ఆయన ఒకడు వచ్చి, "ఎరువు గుట్టగా పడి ఉంది, తోలుకుపో, డబ్బేం వద్దు," అన్నాడు. పచ్చి కోళ్ళ ఎరువు నిప్పులాంటిది. నెలల తరబడి మాగితే గానీ వేరు దగ్గరికి రానివ్వకూడదు. ఆ సంగతి ఆయనకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. కానీ అమ్మకాల్లేక పేడ కొని చాలాకాలమైంది, మొక్కలు వెలవెలబోతున్నాయి. ఊరికే వస్తుంటే ఎవడు కాదంటాడు? పలచగా వేస్తే ఏం కాదులే అనుకున్నాడు. ఆవిడ గులాబీకి అన్నిటికన్నా ముందు వేశాడు, ప్రేమకొద్దీ ఒక గుప్పెడు ఎక్కువే వేశాడు. అమ్ముడుపోని పిల్లమొక్కల కుండీలకూ వేశాడు.

ఆకుల అంచులు ముందు మాడాయి. ఆయన మట్టి తవ్విపోసి, బకెట్లకొద్దీ నీళ్ళు పోసి కడిగాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. కుండీలు ఒకదాని వెంట ఒకటి ఎండిపోయాయి. తల్లిమొక్క నుంచి బాగున్నట్టు కనబడిన కొమ్మలన్నీ కోసి, భార్య కోసినట్టే కోసి, ఇసుకలో నాటి, రోజూ మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. మొదలు చచ్చిన చెట్టు కొమ్మలో ఏం సత్తువ ఉంటుంది? అవి కూడా అడుగు నుంచి నల్లబడ్డాయి.

అప్పుడు ఆయన వీధిలోకి బయల్దేరాడు. ఎదురు మేడ మెట్లెక్కాడు. "మీకోసారి కొమ్మ ఇచ్చాను, అదేమైనా..." అని నసిగాడు. ఆవిడ కుండీ చూపించింది, అందులో ఇప్పుడు మిరపనారు ఉంది. లెక్కల మాస్టారింట్లో కుండీ కూడా లేదు. ప్రతి గుమ్మంలోనూ ఆయనకు జవాబు ముందే తెలుసు. అయినా ఎక్కడో నీళ్ళు సరిగ్గా కాగని రోజు ఒకటుండి ఉంటుందని, తన చెయ్యి ఒక్కసారైనా తొందరపడి కొమ్మను ముందే తీసేసి ఉంటుందని ఆశ. ఒక్క కొమ్మ, ఊరికే, అడుక్కోవడానికి ఇల్లిల్లూ తిరిగాడు. ఎక్కడా లేదు.

మిగిలింది మరదలి ఇల్లు.

ఆమె గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, మిషను మీద సగం కుట్టిన జాకెట్టు, కిందంతా గుడ్డపీలికలు. కిటికీ బయట పిట్టగోడ మీద కుండీ. ఆయన కళ్ళు ముందు అక్కడికే వెళ్ళాయి. కుండీలో కొమ్మ నిలబడే ఉంది. పడిపోకుండా పక్కన పుల్ల పాతి, మెత్తటి పీలికతో కట్టి ఉంది. తేమ ఆరకుండా పైన సగానికి కోసిన ప్లాస్టిక్ సీసా బోర్లించి ఉంది. కొమ్మ బొగ్గులా నల్లగా ఉంది. మట్టి తడిగా ఉంది.

"చిగురేస్తుందేమోనని చూస్తున్నాను బావా," అంది మరదలు, టీ చేతికిస్తూ. "నీళ్ళు మాత్రం ఒక్కరోజు మానలేదు."

ఆయన టీ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టాడు.

"నేనే వద్దామనుకుంటున్నాను. ఈసారి కొమ్మ వద్దు, నువ్వు అమ్మే కుండీయే కొనుక్కుంటాను. ధర తగ్గించకు. అక్క అంత కష్టపడి పెంచినదాన్ని ఊరికే అడగడం నాదే తప్పు. వరసలో అందరితో పాటు నిలబడి అడిగాను, ఇంటికొచ్చాక సిగ్గేసింది." మిషను సొరుగులోంచి మడతపెట్టి ఉంచిన నోట్లు తీసి ఆయన చొక్కా జేబులో పెట్టింది. "అప్పుడే తీసి పెట్టాను, ఖర్చయిపోతాయని."

"చెట్టు పోయింది," అన్నాడు ఆయన.

ఆమెకు అర్థం కాలేదు. ఆయన కోళ్ళ ఎరువు సంగతి చెప్పాడు. కుండీలు కూడా పోయాయని చెప్పాడు.

"మరి అంతమందికి ఇచ్చావుగా. ఎవరి దగ్గరా లేదా?"

"ఎవరి దగ్గరా బతకలేదు."

ఆమె మిషను ముందు స్టూలు మీద కూలబడింది. "అయితే నా దగ్గర ఉంటుందని వచ్చావా?"

ఆయన తలూపాడు. ఆమె చాలాసేపు కుండీ వైపే చూసింది. తర్వాత ఏడుపు మొదలైంది.

"వాళ్ళంటే ఊరికే వచ్చిందని ఎక్కడో పడేసి ఉంటారు. నాకేమైంది? అంత జాగ్రత్తగా మందునీళ్ళు కూడా పెట్టి ఇచ్చావు. నేను కాపాడి ఉంటే ఇవాళ ఒక కొమ్మ కోసి నీకిచ్చేదాన్ని. అక్కది ఒక్కటీ మిగల్లేదు బావా. నా చెయ్యి మంచిది కాదు."

నీ చెయ్యి కాదు, నాది. ఆ మాట ఆయన నాలుక దాకా వచ్చింది. చెప్తే మరగబెట్టిన నీళ్ళ సంగతి చెప్పాలి. పైటచెంగులో కొమ్మ చుట్టుకుని వెళ్ళిన మనిషికి, ఇన్నాళ్ళూ నువ్వు నీళ్ళు పోసింది నేను ఉడకబెట్టిన పుల్లకు అని చెప్పాలి.

"ఊరుకో," అన్నాడు చివరికి. "మొక్కలన్నాక కొన్ని బతకవు."

ఆమె కళ్ళు తుడుచుకుని, ఆయన టీ గ్లాసు తీసుకెళ్ళి కడిగింది. ఆయన బయల్దేరేటప్పుడు చెంబుతో నీళ్ళు తెచ్చి, అలవాటుగా ఆ పుల్ల మొదట్లో పోసింది.

తిరుగు బస్సులో టిక్కెట్టు కోసం జేబులో చెయ్యి పెడితే ఆ నోట్లు తగిలాయి. తిరిగి ఇవ్వడం మరిచిపోయాడు. ఆ పువ్వుకు అడిగిన ధర ఇచ్చింది ఆమె ఒక్కతే.